అద్దకపు అచ్చు, దాని రహస్యము

హైదరాబాదునుండి బొంబాయి వైపు పోవు రహదారిపై పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటిన పిమ్మట రుద్రారం వచ్చును. ఈ గ్రామము గణపతి దేవాలయమునకు ప్రసిద్ధము. చుట్టుప్రక్కల కర్మాగారములు, మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారగు ప్రాంతమిది. రోడ్డు ప్రక్కన నిలిచి "ఈ దారి ఎక్కడికి పోవును?" అని పిల్లవాడొకడు అడిగినచో, "ఇటు పుణే, అటు హైదరాబాదు" అని పెద్దలు చెప్పుదురు. కాని ఆ దారి హైదరాబాదులో ఆగదు. విజయవాడ మీదుగా సాగి, రుద్రారమునకు నాలుగు వందల కిలోమీటర్లకు కొంచెము తక్కువ దూరమున, కృష్ణా జిల్లా సముద్రతీరమునగల మచిలీపట్నములో ముగియును. 65వ సంఖ్యగల జాతీయ రహదారి ఇదియే. 2010కి పూర్వము దీని సంఖ్య 9.

రుద్రారం ప్రాంతములో నేటి రసాయన పరిశ్రమ ఉన్నది. ఆ దారి చివరనున్న మచిలీపట్నములో నాలుగు వందల యేండ్ల క్రిందటనే మరియొక రసాయన పరిశ్రమ ఉండెను. దానికి పొగగొట్టములు లేవు. కుండలు, కాలువ నీరు, ఎండ, చెక్క అచ్చులు, కలము, ఇవియే దాని పరికరములు. అచ్చట తయారైన అద్దకపు బట్టలు పర్షియా, ఇంగ్లండు, హాలండు, ఫ్రాన్సు దేశములకు ఓడలలో పోయెను. ఆ బట్టలలోని రంగు ఎన్ని ఉతుకులకును పోలేదు. ఎందుకు పోలేదో తెలిసికొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. తెలిసికొన్న పిమ్మట మనమును ఒక చిన్న గుడ్డపై ఆ పనిని చేసి చూడవచ్చును.

ముందుగా ఒక ఓటమి

మొదట ఒక సులభమైన ప్రయోగము చేయుదము. బెండకాయను అడ్డముగా కోసినచో అయిదు మూలల పువ్వు కనబడును. ప్రకృతి మనకిచ్చిన అచ్చు ఇది. దీనిని బీటుదుంప రసములో ముంచి తెల్లని నూలుగుడ్డపై అద్దవలెను. మరియొక ముక్కను పసుపు నీటిలో ముంచి ప్రక్కన అద్దవలెను. రెండు పువ్వులును అందముగానే వచ్చును. గుడ్డ ఆరిన తరువాత సబ్బుతో ఉతుకుడు. బీటుదుంప పువ్వు చాల వరకు నీటిలో కలిసిపోవును. పసుపు పువ్వు సబ్బు తగులగానే ఎర్రబడి, జాడించిన తరువాత మరల పచ్చగా అగును. ఉతుకునకు అది నిలిచినను, నాలుగు దినములు ఎండలో ఉంచినచో వెలిసిపోవును.

చాలమంది విద్యార్థులు ఇచ్చటనే నిరుత్సాహపడుదురు. మంచి అచ్చు లేకపోవుట వలన ఇట్లయినదని కొందరు తలంతురు. రంగు చిక్కగా లేకపోవుట వలననని మరికొందరు తలంతురు. కారణము ఈ రెండును కావు. నూలుపోగు సెల్యులోజు అను పదార్థముతో నిర్మితమైనది. ఉన్ని, పట్టు అనేక రంగులను సులభముగా పట్టుకొనును. నూలుకు ఆ గుణము చాల తక్కువ. మొక్కలనుండి వచ్చు రంగులలో అధికభాగము నూలుపోగును తడిపి, ఆరి, మరల నీరు తగిలినప్పుడు విడిచిపోవును. కాబట్టి రంగునకును నూలునకును మధ్య ఒక మూడవ వస్తువు కావలెను. అది ఒక చేతితో పోగును, మరియొక చేతితో రంగును పట్టుకొనవలెను. అట్టి వస్తువును వర్ణస్థాపకము అందురు. మన ఇండ్లలో నీటిని తేర్చుటకు వాడు పటిక మంచి వర్ణస్థాపకము.

అచ్చు మోయునది రంగు కాదు

ఇప్పుడు అసలు రహస్యమునకు వచ్చితిమి. మచిలీపట్నపు పాత అద్దకములో ఎరుపు, నలుపు రంగుల కొరకు అచ్చు గుడ్డపైకి మోసికొనిపోవునది రంగు కాదు. అది మోయునది వర్ణస్థాపకము మాత్రమే.

పని క్రమమిది. గుడ్డను బాగుగా ఉతికి, గంజి, జిడ్డు పోగొట్టుదురు. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టుదురు. గేదె పాలు ఇందుకు శ్రేష్ఠము. కరక్కాయలోని టానిను నూలుపోగును అంటుకొనును. పాలలోని కొవ్వు, అద్దిన ద్రవము పోగుల వెంబడి పాకిపోకుండ నిలిపి గీత అంచును తిన్నగా ఉంచును. ఈ గుడ్డపై ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణమును అద్దుదురు. నలుపు రావలసిన చోట కసీమును అద్దుదురు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను, బెల్లమును నీటిలో నానవేసి కొన్ని దినములు పులియబెట్టగా వచ్చు ద్రవమే కసీము. పులిసినప్పుడు పుట్టిన ఆమ్లము ఇనుమును కరగించి లవణముగా మార్చును. ఈ ఇనుప లవణము కరక్కాయ టానినును తాకిన క్షణముననే నల్లబడును. పూర్వము తాటాకులు విడిచి కాగితముపై వ్రాయుట వచ్చిన కాలమున వాడిన నల్లసిరాలలో కొన్ని ఈ చర్య వలననే తయారయ్యెడివి.

పటికకు రంగు లేదు. అందుచేత ఎక్కడ అద్దితిమో కనబడుటకై అందులో కొంచెము కచ్చా రంగును కలుపుదురు. తరువాత అది ఉతుకులో పోవును. అద్దిన గుడ్డను కొన్ని దినములు ఆరనిచ్చి, పారు నీటిలో జాడించి, చిరివేరు వేసిన నీటిలో కాగబెట్టుదురు. అప్పుడు జరుగు మార్పు చూడదగినది. ఒకే కాగులో, ఒకే రంగు నీటిలో, పటిక ఉన్నచోట ఎరుపు లేచును; కసీము ఉన్నచోట నలుపు మరింత చిక్కబడును; రెండును కలిసిన చోట ఊదాచాయ వచ్చును; ఏమియు అద్దని చోట లేత రంగు మాత్రము అంటుకొని, ఎండలో తడిపి ఆరవేయగా క్రమముగా తెల్లబడును.

చిరివేరు అనునది సముద్రతీరపు ఇసుక నేలలలో పెరుగు ఒక చిన్న మొక్కయొక్క వేరు. దీని శాస్త్రీయ నామము ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా. ఇందులో అలిజరిను అను రంగు పదార్థము కలదు. అలిజరిను అణువులో ప్రక్కప్రక్కనే ఉన్న రెండు ఆక్సిజను పరమాణువులు పటికలోని అల్యూమినియమును ఎండ్రకాయ డెక్కలతో పట్టినట్లు రెండు వైపుల పట్టుకొనును. శాస్త్రజ్ఞులు ఇట్టి సంయోగమునకు పెట్టిన "కీలేటు" అను పేరు, ఎండ్రకాయ డెక్క అను అర్థముగల గ్రీకు మాటనుండి వచ్చినదే. ఆ అల్యూమినియము టానిను సాయమున నూలుపోగులో ముందే కూర్చుండి యున్నది. కావున రంగు పోగుపైన పూయబడినది కాదు, పోగులోపల తయారైనది. నీటిలో కరగని క్రొత్త పదార్థమగుటచే ఉతికినను అది పోదు.

ఎంత పాత విద్య

ఈ విద్య మిక్కిలి ప్రాచీనము. మొహెంజొదారో త్రవ్వకములలో వెండి పాత్రకు అంటుకొనియున్న నూలుగుడ్డ పీలికలు దొరకినవి. వాటికి మంజిష్ఠ జాతి రంగు వేయబడినట్లు పరీక్షించినవారు నిర్ణయించిరి. మంజిష్ఠ జాతి రంగు నూలుకు వర్ణస్థాపకము లేనిదే నిలువదు. అనగా నాలుగు వేల యేండ్లకు పూర్వమే మన దేశమున ఎవరో ఈ సంగతిని కనిపెట్టి యుండిరి.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోము నగరపు రచయిత ప్లినీ ఈజిప్టువారి వింత అద్దకమును గూర్చి వ్రాసెను. వారు తెల్లని గుడ్డపై రంగులను గాక, రంగును పట్టుకొను మందులను పూయుదురనియు, అప్పుడు గుడ్డపై ఏమియు కనబడదనియు, ఒకే రంగు కాగులో ముంచి తీయగా పలురంగులు వచ్చుననియు అతడు ఆశ్చర్యపడెను. పైన చెప్పిన చర్యయే ఇది. కైరో నగరమునకు సమీపమున ఫుస్తాతు అను పాత పట్టణపు శిథిలములలో అచ్చుతో అద్దిన భారతీయ నూలుగుడ్డలు అనేకము దొరకినవి. అవి ఎక్కువగా గుజరాతునుండి పోయినవి. మధ్యయుగములలోనే అచ్చు అద్దకపు బట్టలు సముద్రము దాటినట్లు వీటి వలన తెలియుచున్నది.

గోలకొండ రేవు

గోలకొండ సుల్తానుల రాజ్యమునకు (1518–1687) మచిలీపట్నము ముఖ్యమైన రేవు. పర్షియాతో వర్తకము ఇచ్చటినుండియే జరిగెను. కలము, కారీ అను పారసీక పదముల కలయికతో "కలంకారీ" అను పేరు వచ్చినది. పేరులో కలమున్నను, పర్షియా వర్తకులు పెద్ద మొత్తములలో ఒకే నమూనాను కోరుటచే, మచిలీపట్నమున చెక్క అచ్చు ప్రధానమయ్యెను. శ్రీకాళహస్తిలో దేవాలయముల కొరకు పురాణకథలను చిత్రించుటచే అచ్చట కలమే నిలిచెను. అచ్చు ఒకే రూపమును వేయి సార్లు ఇచ్చును. కలము వేయి రూపములను ఒక్కొక్క సారి ఇచ్చును. కొనువాని అవసరమే పనిముట్టును నిర్ణయించినది.

డచ్చివారు 17వ శతాబ్దపు ఆరంభమున మచిలీపట్నమునకు వచ్చిరి. ఇంగ్లీషువారి వర్తకశాల 1611లో ఏర్పడెను. 1618 మొదలు 1622 వరకు అచ్చటనున్న విలియం మెథ్‌వోల్డు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1626లో అచ్చుపడినది. ఈ తీరపు బట్టల రంగు గుడ్డ చినుగువరకు పోదనియు, అందుకు కారణము ఈ దేశమున దొరకు ఒక మొక్కయనియు అతడు వ్రాసెను. ఆ మొక్క చిరివేరే. అయితే అతడు మొక్కను చూచెను గాని పటికను లెక్కలోనికి తీసికొనలేదు. కీర్తి అంతయు వేరుకే పోయెను. బజారునుండి వేరును తీసికొనిపోయినంత మాత్రమున విద్య రాదని యూరపువారు తెలిసికొనుటకు మరి కొంతకాలము పట్టెను.

నిషేధము, విచారణ

ఈ బట్టలు యూరపులో ఎంతగా వ్యాపించెననగా అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రు కలవరపడిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు సాగెను. ఇంగ్లండు 1700లోను, మరింత కఠినముగా 1721లోను చట్టములు చేసెను. చట్టము బట్టను ఆపగలిగెను గాని, ఆ బట్ట ఎట్లు తయారైనదో తెలిసికొనవలెనను కోరికను ఆపలేకపోయెను.

1678లో జార్జి రోక్ అను ఫ్రెంచి వర్తకోద్యోగి అహమ్మదాబాదు, బుర్హాన్‌పూర్, సిరోంజి పట్టణములలో అచ్చు అద్దకమును చూచి వివరముగా వ్రాసి పంపెను. 1734 ప్రాంతమున బోల్యూ అను నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకపువారి ప్రక్కన కూర్చుండి, వారి పని దశలన్నిటిని గమనించి వ్రాసెను. అచ్చట పని కలముతో జరుగుచుండెను గాని, పటిక, ఇనుము, వేరు అను మూలసూత్రము ఒక్కటియే. అతనిని ఈ పనికి పురికొల్పినవాడు డ్యుఫే. విద్యార్థులు ఈ పేరును విద్యుచ్ఛక్తి పాఠమున విని యుందురు. విద్యుత్తు రెండు రకములని 1733లో చెప్పిన శాస్త్రజ్ఞుడు ఇతడే. ఫ్రాన్సులో అద్దకపు రంగుల పరీక్షయు ఇతని బాధ్యతలలో ఒకటి.

బోల్యూ చేసిన పనిలో మనము ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. ప్రతి దశ ముగియగానే అతడు గుడ్డనుండి ఒక ముక్కను కత్తిరించి తన వ్రాతప్రతికి జతచేసెను. కరక్కాయ తరువాత ఇది, కసీము తరువాత ఇది, వేరులో కాగిన తరువాత ఇది అని ముక్కలే సాక్ష్యము చెప్పును. ఆ ప్రతి నేటికిని పారిసు నగరమున ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది. మాటలు తప్పు చెప్పవచ్చును; మచ్చుముక్క చెప్పదు.

1742లో కూర్దూ అను ఫ్రెంచి మతగురువు ఇట్టి వివరమునే ఒక పెద్ద లేఖగా వ్రాసెను. అది మరుసటి యేడు అచ్చుపడి, యూరపులోని అద్దకపు కర్మాగారములవారికి అందుబాటులోనికి వచ్చెను. కూర్దూ తెలుగు బాగుగా నేర్చినవాడు. తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి భాషల నిఘంటువును కూర్చినవాడు. సంస్కృతమునకును లాటిను, గ్రీకు భాషలకును బంధుత్వమున్నదని 1767లోనే సూచించినవాడు. భాష తెలియుటచేతనే పనివారు చెప్పునది అతనికి అర్థమయ్యెను.

ఫ్రాన్సులో నిషేధము తొలగిన మరుసటి యేడు, అనగా 1760లో, ఓబర్‌కాంఫు అను అతడు జ్యూయి గ్రామమున అద్దకపు కర్మాగారమును స్థాపించెను. 1783లో థామస్ బెల్ అనునతడు చెక్కిన రాగి రోలరుతో గుడ్డపై అచ్చువేయు యంత్రమునకు హక్కు పొందెను. చేతి అచ్చు ఒక దినమున చేయు పనిని యంత్రము కొద్ది నిమిషములలో చేయసాగెను.

ఈ చరిత్రను చదువునప్పుడు మనకు ఒక బాధ కలుగును. రోక్, బోల్యూ, కూర్దూల పేర్లు మనకు తెలియును. వారికి పని చూపించిన అద్దకపువారి పేర్లు తెలియవు. విద్యను దొంగిలించిరని కోపించుట సులభమే. కాని వారు వ్రాయకపోయినచో ఆనాటి పని వివరములలో అనేకము నేడు మనకును తెలియకపోయెడివి. మనవారు చేతితో చేసిరి, కొడుకులకు చేతితోనే నేర్పిరి. చేసినవారు వ్రాయలేదు, వ్రాయనేర్చినవారు చేతిపనివైపు చూడలేదు. ఈ రెండింటి మధ్యనున్న ఎడమే మన నష్టమునకు ఒక కారణము.

తారునుండి వచ్చిన ఎరుపు

యూరపులో మంజిష్ఠకు చుట్టమగు మాడరు అను మొక్కను పండించి ఎరుపు రంగు తీసెడివారు. 1826లో రోబికే, కోలిన్ అను ఫ్రెంచి రసాయనవేత్తలు ఆ వేరునుండి అలిజరినును వేరుచేసిరి. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు బొగ్గు తారులో దొరకు ఆంత్రసీనునుండి అలిజరినును ప్రయోగశాలలోనే తయారుచేసిరి. మొక్క చేయు రంగును మనుష్యుడు చేయుట ఇదియే మొదటిసారి. 1869లో ఇంగ్లండున విలియం పెర్కిను కూడ తయారీ హక్కుకు దరఖాస్తు పెట్టెను. జర్మనులు అతనికంటె ఒక్క దినము ముందుండిరి.

కొలదికాలములోనే వేరునుండి తీసిన రంగుకంటె తారునుండి తీసిన రంగు చౌకయయ్యెను. ఫ్రాన్సు దేశపు మాడరు రైతులు చెడిపోయిరి. మన తీరమున చిరివేరు త్రవ్వువారి బ్రతుకును అట్లే అయ్యెను. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో 1795లో ప్రారంభమైన తన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున చిరివేరును బొమ్మతో సహా వర్ణించి యుండెను. వంద యేండ్లు తిరుగకముందే ఆ మొక్క అవసరము తీరిపోయినట్లయ్యెను. ఇందులో ఒక విచిత్రము కలదు. చిరివేరులో అలిజరిను ఉన్నదని 1893లో పరీక్షించి ప్రకటించిన ఇరువురిలో ఒకడు ఆర్థరు జార్జి పెర్కిను. ఇతడు పైన చెప్పిన విలియం పెర్కిను కుమారుడు. తండ్రి తారునుండి అలిజరినును చేసెను. కుమారుడు మన వేరులో ఉన్నది ఏమో చెప్పెను.

మచిలీపట్నమునకు మరియొక దెబ్బ ప్రకృతివలన తగిలెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుపాను, ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. అయినను పర్షియాకు పోవు అచ్చు బట్టల వర్తకము 20వ శతాబ్దపు ఆరంభమువరకు కొంత సాగెను. తరువాత అదియు సన్నగిల్లెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడినది. కమలాదేవీ చట్టోపాధ్యాయ వంటివారి కృషిచే అద్దకపు పనికి మరల ఊపిరి వచ్చినది.

నేడు ఈ పని మచిలీపట్నమునకు సమీపముననున్న పెడనలో ఎక్కువగా జరుగుచున్నది. టేకు చెక్కపై నమూనాను చెక్కువారు వేరు, అద్దువారు వేరు. గీతకు ఒక అచ్చు, ఆ గీతలోపల నింపు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు ఉండును. మచిలీపట్నము, శ్రీకాళహస్తి కలంకారీలు రెండింటికిని భౌగోళిక గుర్తింపు లభించినది. కాని చిరివేరు స్థానమున చాలచోట్ల తయారుచేసిన అలిజరినే వాడబడుచున్నది. అచ్చు నమూనాలను తెరలతో ముద్రించి "కలంకారీ" అని చౌకగా అమ్ముటయు ఉన్నది. కొనువారికి తేడా తెలియకపోవుటయే అచ్చు పనివారికి పెద్ద పోటీ. తేడా తెలియవలెనన్నచో ఒకసారి స్వయముగా చేసి చూచుటకంటె మంచి మార్గము లేదు.

మనము ప్రారంభించు విధము

ఇది ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, పాఠశాలలో రెండు మూడు వారములపాటు చేయదగిన పని. పలుచని నూలుగుడ్డ ఒక చదరపు మీటరు తీసికొనుడు. అది 100 గ్రాములకు అటుఇటుగా తూగును. క్రింది కొలతలు దీనికే.

కసీమును అన్నిటికంటె ముందు మొదలుపెట్టవలెను. లీటరు నీటిలో తుప్పుపట్టిన మేకులు 100 గ్రాములు, బెల్లము 100 గ్రాములు వేసి, మట్టికుండలో రెండు మూడు వారములు ఉంచుడు. దినమున కొకసారి కర్రతో కలుపవలెను. మూత బిగించరాదు, పులియునప్పుడు వాయువు పుట్టును. పిమ్మట వడగట్టవలెను.

గుడ్డను చాకలి సోడాతో ఉడికించి బాగుగా జాడించుడు. కరక్కాయ పొడి 20 గ్రాములను రెండు లీటర్ల నీటిలో రాత్రియంతయు నానవేసి వడగట్టి, గుడ్డను అందులో అరగంట ముంచి, పిండి, ఎండలో పరచి ఆరవేయుడు. మరల ఉతుకరాదు. పాలు కలుపుట తరువాతి ప్రయత్నమునకు ఉంచుకొనవచ్చును.

పటిక 10 గ్రాములను 100 మిల్లీలీటర్ల వేడినీటిలో కరగించి, చల్లారిన తరువాత తుమ్మబంక పొడిని తేనెవంటి చిక్కదనము వచ్చువరకు కలుపుడు. అద్దినచోటు కనబడుటకు నాలుగు చుక్కల బీటుదుంప రసము వేయుడు. మొదటి ప్రయోగమున పోయిన రంగే ఇప్పుడు ఉపయోగపడుచున్నది! కసీమును చింతగింజల పిండితో ఉడికించి చిక్కపరచుడు. తుమ్మబంక ఇనుముతో చేరి గడ్డకట్టును గనుక దానికి అది పనికిరాదు.

అచ్చునకు మొదట బెండకాయ చాలును. తరువాత రబ్బరు ముక్కపైనను, మెత్తని చెక్కపైనను గీతలు చెక్కుకొనవచ్చును. బల్లపై పాత కంబళిని నాలుగు మడతలు పరచి, దానిపై గుడ్డను బిగువుగా పరువుడు. క్రింద మెత్తగా లేనిదే అచ్చు అంతట సమముగా పడదు. పళ్ళెములో ఉన్ని గుడ్డను పరచి, దానిని పటిక జిగురుతో తడిపి, అచ్చును దానిపై అద్ది గుడ్డపై ఉంచి, వెనుక అరచేతితో ఒక్కసారి నొక్కుడు. ముంచి తీసినచో జిగురు ఎక్కువై గీతలు పూడిపోవును.

అద్దిన గుడ్డను రెండు మూడు దినములు ఆరనిచ్చి, ఎక్కువ నీటిలో, కదలించుచు జాడించవలెను. నిలిచిన కొద్దినీటిలో జాడించినచో విడిపోయిన పటిక తెల్లని భాగమునకు అంటుకొని, తరువాత మచ్చలు పడును. పెడనవంటి చోట్ల కాలువ నీటికి ఇంత విలువ ఉండుటకు ఇదియే కారణము.

చిరివేరు దొరకుట కష్టము. ఆయుర్వేద దినుసుల దుకాణములలో మంజిష్ఠ పొడి దొరకును. 100 గ్రాములు గుడ్డసంచిలో మూటకట్టి అయిదు లీటర్ల నీటిలో రాత్రి నానవేయుడు. స్టీలు పాత్రనే వాడుడు. ఇనుప పాత్ర, అల్యూమినియపు పాత్ర వలదు. అవియే వర్ణస్థాపకములై ఫలితమును చెరచును. ఉదయము గుడ్డను వేసి, గంటసేపు మెల్లమెల్లగా వేడిచేయుడు. మరగనీయరాదు, మరగినచో ఎరుపు గోధుమవన్నెకు తిరుగును. చల్లారిన పిమ్మట తీసి ఉతికి, కొన్ని దినములు తడుపుచు ఎండవేయుడు.

ఒకే గుడ్డపై నాలుగు గడులు గీసి, ఒక దానిలో ఏమియు అద్దక, రెండవదానిలో పటిక, మూడవదానిలో కసీము, నాలుగవదానిలో రెండింటిని కలిపి అద్దినచో, ఒకే కాగునుండి నాలుగు ఫలితములు వచ్చును. ప్లినీ ఆశ్చర్యపడిన దృశ్యమును మీ బడి వెనుక వంటచెరకు పొయ్యిపైననే చూడవచ్చును.

నీరు ఎక్కడికి పోవును?

పని ముగిసిన పిదప కాగులో మిగిలిన నీటిని ఏమి చేయవలెనో కూడ ఆలోచింపవలెను. రుద్రారం ప్రాంతపువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలముల వలన నక్కవాగు కలుషితమై, పొలములు, బావులు చెడిపోయిన సంగతి 1990ల దశకమున సుప్రీంకోర్టు వరకు పోయినది. మొక్కల రంగులన్నియు మంచివనియు, కర్మాగారపు రసాయనములన్నియు చెడ్డవనియు దీనివలన అనుకొనరాదు. చిరివేరులోని అలిజరినును తారులోని అలిజరినును ఒకే అణువు. పటిక, ఇనుప నీరు కూడ ఎక్కువైనచో చెరువుకు మంచివి కావు. తేడా వస్తువులో మాత్రమే లేదు. ఎంత వాడితిమి, మిగిలినది ఎక్కడ పోసితిమి అనుదానిలోను ఉన్నది. కాబట్టి కొలిచి వాడుడు. పటిక జిగురును దాచి మరల వాడుడు. కాగునీటిలో మరియొక గుడ్డను లేత రంగుకొరకు ముంచుడు. చివరి నీటిని బాగుగా పలుచన చేసి, వాగుకు, బావికి దూరముగా పోయుడు. కొన్ని పుస్తకములు క్రోమియం, తగరపు లవణములను సూచించును. అవి విషములు, విద్యార్థులు వాటి జోలికి పోరాదు.

చివరగా, ఒక నోటు పుస్తకము పెట్టుడు. తేదీ, కొలతలు, ఆనాటి ఎండ, నీరు బావిదో కుళాయిదో వ్రాయుడు. ప్రతి దశలోను గుడ్డనుండి రెండంగుళముల ముక్కను కత్తిరించి ఎదుటి పుటపై కుట్టుడు. చెడిపోయిన ముక్కలను పారవేయవలదు. అవియే ఎక్కువ నేర్పును. పని చేసిన పిల్లల పేర్లన్నియు పైన వ్రాయుడు. దాదాపు మూడు వందల యేండ్ల క్రిందట పుదుచ్చేరిలో ఒక విదేశీయుడు ఇట్టి పుస్తకమునే వ్రాసెను. అందుచేతనే ఆ పని వివరము నిలిచినది. ఈసారి చేయు చేతులును, వ్రాయు చేతులును ఒక్కటియే కావలెను.